గట్టిగ మాట్లాడు బిడ్డా

అమెరికా నుంచి వచ్చి రెండేళ్లు దాటింది. అయినా పెండ్లిళ్లలో, పూజల్లో కలిసిన ప్రతి చుట్టమూ ఇంకా అదే అడుగుతారు. "అంత మంచిగ చదువుకొని, నౌకరి చేసి, మళ్ళ ఈ భీవండికి ఎట్ల వచ్చినవ్ బిడ్డా? ఇక్కడ కుదురుతున్నదా?" షోలాపూర్ పెద్దమ్మ అడిగింది, సూరత్ మామ అడిగాడు, సిరిసిల్ల నుంచి వచ్చిన చిన్నాయిన కూడా అడిగాడు. "మంచిగనే ఉన్న" అని చెప్పి తప్పించుకుంటూ వచ్చాను. అది అబద్ధం కాదు, కానీ పూర్తి జవాబూ కాదు. పూర్తి జవాబు చెప్పాలంటే మా బాపు చెవుల గురించి చెప్పాలి. అందుకే ఇన్నాళ్లూ వాయిదా వేశాను. ఇప్పుడు బాపే "రాయి, ఏమైతది" అన్నాడు కాబట్టి రాస్తున్నాను.

మా ఇల్లు తెలిసినవాళ్లకు తెలుసు. తెలియని పిల్లల కోసం చెబుతాను. భీవండిలో పద్మనగర్, వరాలదేవి చెరువుకు దగ్గర. కింద కార్ఖానా, పైన మేము. కింద ఎనిమిది సాంచాలు. వారంలో ఆరు రోజులు, పగలూ రాత్రీ రెండు పాళీలు. శుక్రవారం బంద్. నేను పుట్టినప్పటి నుంచీ మా ఇంటి నేల సన్నగా వణుకుతూనే ఉంటుంది. స్టీలు గ్లాసులో నీళ్లు పోసి పెడితే పైన గుండ్రంగా అలలు కదులుతుంటాయి. అన్ని ఇళ్లల్లోనూ నీళ్లు అట్లాగే ఉంటాయని చిన్నప్పుడు అనుకునేదాన్ని.

తాత సిరిసిల్ల దగ్గరి పల్లె నుంచి ముందు బొంబాయి వచ్చాడు. లోయర్ పరేల్‌లో ఒక మిల్లులో నేత పని. 1982 జనవరి 18న మిల్లు కార్మికుల సమ్మె మొదలైంది. దాదాపు రెండున్నర లక్షల మంది పని మానేశారు. ఆ సమ్మె ముగిసిందని ఎవరూ అధికారికంగా ప్రకటించలేదంటారు. మిల్లులే మెల్లమెల్లగా మూతబడ్డాయి. అప్పుడు నేత పని చాలా వరకు భీవండికి మళ్ళింది, దానితోపాటే తాత కూడా. కొన్నేళ్లు వేరేవాళ్ల కార్ఖానాలో చేసి, మిల్లువాళ్లు తుక్కు కింద అమ్మిన సాంచాలు నాలుగు కొన్నాడు. నాయినమ్మ బిస్సీ నడిపి ముప్పై మంది కార్మికులకు రెండు పూటలా అన్నం పెట్టింది. ఆ డబ్బుతో మిగతా నాలుగు సాంచాలు వచ్చాయి. బాపు పదిహేనేళ్ల వయసులో సాంచాల మధ్య నిలబడ్డాడు. నలభై ఏళ్లు అక్కడే నిలబడ్డాడు.

నేను మాటుంగాలో, వీజేటీఐలో టెక్స్‌టైల్ ఇంజినీరింగ్ చదివాను. 2018 ఆగస్టులో ఎంఎస్ కోసం నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీకి వెళ్లాను. రాలీ నగరంలో ఉంటుంది, బట్టల చదువుకు అక్కడ ప్రత్యేకంగా ఒక కాలేజీయే ఉంది. బాపు పొలం అమ్మలేదు, ఎందుకంటే మాకు పొలం లేదు. ఇల్లు బ్యాంకులో పెట్టాడు.

రాలీలో మొదటి వారం నాకు నిద్ర పట్టలేదు. చప్పుడు లేదు. ఫ్రిజ్ మోటారు ఆగితే ఆగినట్టు వినపడేది. అమ్మకు ఫోన్ చేసి, "ఫోన్ కిటికీల పెట్టు, కిందికి తిప్పు" అనేదాన్ని. సాంచాల చప్పుడు వింటూ పడుకునేదాన్ని.

అపార్ట్‌మెంట్‌లో నలుగురం. ఒకమ్మాయిది గుంటూరు, ఒకమ్మాయిది హైదరాబాద్, ఒకమ్మాయిది నాగపూర్. రెండో వారమే గుంటూరమ్మాయి వచ్చి పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని అడిగింది: "ఇంట్లో ఏమైనా గొడవలా? రోజూ అలా పోట్లాడుతున్నావు?" నేను అమ్మతో చింతచిగురు పప్పు గురించి మాట్లాడాను. ఆ మాటే చెబితే ఆ పిల్ల నమ్మలేదు.

నా గొంతు పెద్దదని నాకు అక్కడే తెలిసింది. మా ఇంట్లో, మా గల్లీలో అందరం అంతే. చప్పుడు మీద మాట్లాడాలి కదా! బస్సులో మాట్లాడితే ముందు సీటువాళ్లు వెనక్కి తిరిగేవాళ్లు. ల్యాబులో నేను సందేహం అడిగితే అవతలి గదిలోంచి తొంగి చూసేవాళ్లు. అక్కడ పిల్లలకు చిన్నప్పుడే నేర్పుతారట, ఇంట్లో వాడే గొంతు వేరు, ఆటస్థలంలో వాడే గొంతు వేరు అని. నేను ఇరవై మూడేళ్లప్పుడు నేర్చుకున్నాను. అద్దం ముందు నిలబడి మెల్లగా మాట్లాడడం అలవాటు చేసుకున్నాను. ఏడాది తిరిగేసరికి నా గొంతు సగమైంది. నాకు అది సంతోషంగానే ఉండేది. పెద్దమనిషిని అయినట్టు అనిపించేది.

ఇంకొక సంగతి కూడా ఉంది, బయటి రాష్ట్రాల్లో పెరిగిన మన పిల్లలందరికీ తెలిసిందే. కేరీలో వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్తే "మీదేవూరు?" అంటారు. "భీవండి" అంటే "ఓ, మహారాష్ట్రవాళ్లా, తెలుగు బాగా నేర్చుకున్నావే" అంటారు. మరాఠీవాళ్ల గణపతికి వెళ్తే పేరు వినగానే "తెలుగువాళ్లా, మరాఠీ ఎంత బాగా వచ్చో" అంటారు. రెండు చోట్లా మెచ్చుకునేవాళ్లే. రెండు చోట్లా నేను చుట్టాన్నే. నాయినమ్మ చెప్పేది, తాతను బొంబాయిలో కామాఠీ అనేవాళ్లట, ఏడాదికోసారి ఊరికి పోతే బొంబాయోడు అనేవాళ్లట. తాత ఊళ్లో నాలుగు రోజులుంటే ఐదో రోజు తల నొప్పి లేచేదట. చప్పుడు లేక. అంటే మన ఇంట్లో పోవుడూ కొత్త కాదు, వాపస్ వచ్చుడూ కొత్త కాదు, వచ్చినంక పొసగకపోవుడూ కొత్త కాదు.

నార్త్ కరోలినా గురించి ఒక మాట చెప్పాలి. అది కూడా ఒకప్పుడు మన భీవండి లాంటిదే. ఊరూరా బట్టల మిల్లులే. కన్నాపొలిస్ అనే ఊరు ఉంది. క్యానన్ కంపెనీ తువ్వాళ్లు అక్కడే నేసేవారు. ఇళ్లు, దుకాణాలు, రోడ్లు అన్నీ కంపెనీవే. 1984 దాకా దానికి సొంత మునిసిపాలిటీ కూడా లేదు. తర్వాత ఆ మిల్లు చేతులు మారుతూ పోయి, 2003 జులై 30న మూతపడింది. ఆ ప్రాంతంలో ఒక్క రోజులో నాలుగు వేల మందికి పైగా పని పోయింది. మిల్లు కూలగొట్టి ఆ జాగాలో పరిశోధన కేంద్రం కట్టారు. గ్రీన్స్‌బరోలో వైట్ ఓక్ అనే జీన్స్ బట్ట మిల్లు నూరేళ్లకు పైగా నడిచి, నేను వెళ్ళడానికి ఏడెనిమిది నెలల ముందు, 2017 డిసెంబర్ 31న ఆగిపోయింది. అక్కడ పాత డ్రేపర్ సాంచాలు ఉండేవి. మన సాంచాల లాగే నాడె అటూ ఇటూ కొట్టుకుంటూ నేసేవి. ఆ బట్టకు అంచు గట్టిగా వస్తుందని ఫ్యాషన్ వాళ్లు ఎక్కువ ధర పెట్టి కొనేవాళ్లు. మన దగ్గర అదే నాడె సాంచా అంటే "పాతది, పనికిరాదు" అంటారు. నాకు అక్కడ కోపమూ వచ్చింది, గర్వమూ వచ్చింది.

కన్నాపొలిస్‌కు ఒక శనివారం స్నేహితులతో వెళ్లాను. లైబ్రరీ బయట బెంచీ మీద ఒక ముసలావిడ కూర్చుని ఉంది. మిల్లు ఎక్కడుండేదో అడిగాను. అప్పటికి నాది మెత్తని గొంతు. ఆమె చెవి దగ్గర చెయ్యి అడ్డం పెట్టి, గట్టిగా చెప్పమంది. మళ్ళీ చెప్పాను. ఆమె నవ్వి, చెవి చూపించి, "నేత గదిలో ముప్పై ఏళ్లు" అంది. చప్పుడులో ఒకరి పెదాలు చూసి ఒకరు మాట్లాడుకునేవాళ్లమని, చేతులతో సైగలు చేసుకునేవాళ్లమని చెప్పింది. నేను చదువుకున్న విషయమే. ఇంగ్లండులో లంకాషైర్ మిల్లుల ఆడవాళ్లు పెదాలతో, ముఖంతో మాట్లాడుకునే పద్ధతికి మీ-మాయింగ్ అనే పేరు కూడా పెట్టుకున్నారు. మా కార్ఖానాలో కూడా కార్మికులు రెండు వేళ్లు చూపిస్తే కండెలు తెమ్మని, పిడికిలి తిప్పితే మిస్త్రీని పిలవమని అర్థం. అదంతా ఆమెకు సంబరంగా చెప్పాను. ఆమె చెవి సంగతి నాకు వెంటనే అర్థమైంది. మా బాపు చెవి సంగతి మాత్రం తోచలేదు. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

బాపుతో ఫోన్లు ఎట్లా ఉండేవో చెబుతాను.

"బాపు, తిన్నవా?"

"ఆఁ, నడుస్తున్నయ్ బిడ్డా."

"ఈ వారం నా ప్రాజెక్టు అయిపోయింది."

"మంచిది, మంచిది. అమ్మకిస్త."

అంతే. వారానికోసారి, ఐదేళ్లు. అన్నతో మాత్రం గంటలు గంటలు మాట్లాడేవాడు. నూలు ధర, కరెంటు బిల్లు, మార్కెట్ మందం, అన్నీ. అమ్మ ఫోన్ పక్కన పెట్టి వంట చేసుకుంటుంటే వాళ్లిద్దరి మాటలు నాకు వినపడేవి. ఇల్లు బ్యాంకులో పెట్టి పంపినందుకు లోపల కోపం ఉందేమో, ఆడపిల్ల ఇంత దూరం పోవడం ఇష్టం లేదేమో అనుకున్నాను. అడగలేదు. బాపును అట్లాంటివి అడిగే అలవాటు మా ఇంట్లో లేదు.

చదువు అయ్యాక మూడేళ్ల ఓపీటీ మీద ఒక కంపెనీలో బట్టల పరీక్షల ల్యాబులో పని చేశాను. హెచ్‌-1బి లాటరీలో మూడుసార్లు పేరు వేశారు. మూడుసార్లూ రాలేదు. మూడోసారి రాలేదని తెలిసిన రోజు రాత్రి ఇంటికి ఫోన్ చేశాను. వీడియో పెట్టలేదు, ఏడ్చిన ముఖం చూపించడం ఇష్టం లేక. అమ్మ లేదు, బాపు ఎత్తాడు. "బాపు, ఈసారి కూడా రాలేదు. ఇక వచ్చెయ్యాలె" అన్నాను. నేర్చుకున్న మెత్తని గొంతుతో, అదీ ఏడుస్తూ.

"మంచిది బిడ్డా, మంచిది" అన్నాడు బాపు.

ఆ రెండు మాటలు పట్టుకుని మూడు నెలలు తిరిగాను. ఆ మాటలు మనసులో పెట్టుకునే విమానం ఎక్కాను.

2023 జులైలో దిగాను. అన్న కారు తెచ్చాడు. వాన. మాన్‌కోలి దగ్గర రెండు వైపులా గోడౌన్లు. నేను వెళ్ళినప్పటికంటే ఎన్నో రెట్లు ఎక్కువయ్యాయి. ఫోన్లో ఆర్డర్ పెట్టే సామాన్లన్నీ ముంబైకి ఇక్కడి నుంచే పోతాయి. గంటన్నర లారీల వెనక నిలబడ్డాం. అంజూర్‌ఫాటా దాటాక అన్న కిటికీ దించాడు. ఆ చప్పుడు వినపడింది. గొంతు పట్టేసింది. ఇంటికి చేరి, అమ్మ చేతి అన్నం తిని, నా పాత మంచం మీద పడుకుని, తెల్లవార్లూ కన్ను మూయలేదు. ఏ చప్పుడు ఫోన్లో విని పడుకునేదాన్నో, అదే చప్పుడు తల పగలగొట్టింది.

తర్వాతి నెలల్లో నేను చేసిన తెలివితక్కువ పనులు అన్నీ రాస్తే చాలా అవుతుంది. కొన్ని చెబుతాను. ఎవరొచ్చినా ముందు ఫోన్ చేసి రావాలని అమ్మతో అన్నాను. అమ్మ రెండు రోజులు మాట్లాడలేదు. అమ్మ కూర వడ్డిస్తే "థ్యాంక్స్" అన్నాను. "నేనేం హోటల్ నడుపుతున్ననా?" అంది. వాన నీళ్లలో చెత్త తేలుతుంటే కార్పొరేషన్‌ను తిట్టాను. పక్కింటి అవ్వ బీడీలు చుట్టుకుంటూ "నువ్వు పోకముందు కూడ గిట్లనే ఉండె గదా, అప్పుడు కనపడలేదా?" అంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు.

కార్ఖానాలో ఇంకా ఎక్కువ చేశాను. ఫోన్‌లో డెసిబెల్స్ కొలిచే యాప్ పెట్టుకుని సాంచాల మధ్య తిరిగాను. తొంభై ఎనిమిది, వంద చూపించింది. అమెరికాలో ఎనిమిది గంటల పనిలో చప్పుడు సగటున 85 దాటితే యజమాని చెవి రక్షణ ఇవ్వాలి, ఏటా వినికిడి పరీక్ష చేయించాలి. అది చట్టం. మా దగ్గర పాళీ పన్నెండు గంటలు. కార్మికులను నిలబెట్టి ఇదంతా చెప్పాను, చెవుల్లో పెట్టుకునే మెత్తటి నురుగు బిళ్లలు పంచాను. వాళ్లు మర్యాదగా తీసుకున్నారు. సాయంత్రం చూస్తే ఒకాయన ఆ బిళ్లను నూనె డబ్బాకు మూతగా పెట్టాడు. "దీదీ, దారం తెగినప్పుడు సాంచా చప్పుడు మారుతుంది. అది వినకపోతే బట్ట పాడవుతుంది, కూలీ కట్ అవుతుంది" అని హిందీలో చెప్పాడు. అది మా చదువులో ఎవరూ చెప్పలేదు. మీటరు లెక్కన కూలీ తీసుకునే మనిషికి చెవి కూడా పనిముట్టే అని నేను ఆ రోజు తెలుసుకున్నాను. బాపు దూరం నుంచి చూస్తున్నాడు, ఏమీ అనలేదు.

అసలు గొడవ సాంచాల గురించి. అన్న ఎనిమిదీ తుక్కుకు అమ్మేద్దామన్నాడు. కింది జాగా గోడౌన్‌కు కిరాయికిస్తే నెల నెలా డబ్బు వస్తుంది, నూలు ధర భయం లేదు, కరెంటు బిల్లు భయం లేదు. అన్న లెక్కలో తప్పు లేదు. 2016లో నోట్ల రద్దు, 2017లో జీఎస్టీ, 2020లో లాక్‌డౌన్, మూడూ తట్టుకుని నిలబడ్డ చిన్న కార్ఖానాలు మా గల్లీలో కొన్నే. అయితే నేను కన్నాపొలిస్ చూసి వచ్చాను. సగం ఉంచుదాం, మామూలు గ్రే బట్ట మానేసి చిన్న చిన్న ఆర్డర్లకు మందం బట్ట నేద్దాం, నేను కొనేవాళ్లను వెతుకుతాను అన్నాను. భోజనాల దగ్గర మూడు రాత్రులు చెప్పాను. బాపు నా వైపు చూడకుండా అన్నం తిన్నాడు. అన్న మాట్లాడితే "ఊఁ" అన్నాడు. నేను మాట్లాడితే పులుసు పొయ్యమన్నాడు. మూడో రాత్రి పళ్లెం ముందు నుంచి లేచిపోయాను. "నా చదువుకు ఈ ఇంట్ల విలువ లేదు" అని గదిలో కూర్చుని ఏడ్చాను. రాలీలో ఉన్న గుంటూరమ్మాయికి "వచ్చి తప్పు చేశాను" అని మెసేజ్ పెట్టాను.

సెప్టెంబర్‌లో ఒక సాయంత్రం కరెంటు పోయింది. సాంచాలన్నీ ఒక్కసారి ఆగాయి. గల్లీ మొత్తం ఆగింది. అట్లాంటి నిశ్శబ్దం మా ఇంట్లో అరుదు. బాపు డాబా మీద కుర్చీలో, నాకు వీపు పెట్టి కూర్చున్నాడు. నేను టీ పట్టుకుని మెట్లు ఎక్కి, నాలుగడుగుల దూరంలో నిలబడి, "బాపు, టీ" అన్నాను. కదలలేదు. "బాపు, చాయ్ తాగుతవా?" అన్నాను. కదలలేదు. ఇంకా అలిగాడేమో అనుకున్నాను. అప్పుడే కింద నుంచి అన్న తన బొంగురు గొంతుతో "బాపూ" అని పిలిచాడు. బాపు వెంటనే తిరిగాడు. తిరిగి నన్ను చూసి ఉలిక్కిపడ్డాడు. "నువ్వెప్పుడొచ్చినవ్ బిడ్డా?" అన్నాడు.

నేను కప్పు కింద పెట్టాను. చెయ్యి వణికింది.

ఎప్పుడు ఏది వినపడకపోయినా "సాంచాల చప్పుడుల వినపడలే" అనేవాడు. మేమూ నమ్మేవాళ్లం. చప్పుడు లేని నిమిషం మా ఇంట్లో ఉంటే కదా తెలియడానికి! అందరమూ అరిచి మాట్లాడే ఇల్లు. ఎవరికి వినపడుతుందో ఎవరికి వినపడదో ఎట్లా తెలుస్తుంది? నేను మెత్తగా మాట్లాడడం నేర్చుకుని వచ్చాను కాబట్టి బయటపడింది. లేకపోతే ఇంకో పదేళ్లు అట్లాగే గడిచేది.

ఠాణేలో డాక్టర్ దగ్గరికి తీసుకుపోవడానికి మూడు వారాలు పట్టింది. "నాకేం చెవుడా?" అని రాలేదు. చివరికి నాయినమ్మ మీద ఒట్టు పెట్టి అమ్మ ఒప్పించింది. గాజు గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్ పెట్టి, సన్న శబ్దాలు వినిపించి పరీక్ష చేశారు. తర్వాత కాగితం చూపించారు. గీత ఎడమ నుంచి కొంత దూరం బాగానే వచ్చి, నాలుగు వేల హెర్ట్జ్ దగ్గర గుంతలో పడింది. చప్పుడులో ఏళ్ల తరబడి పని చేసినవాళ్ల కాగితాలు అట్లాగే ఉంటాయన్నారు డాక్టర్. ముందు పోయేది పై స్థాయి శబ్దాలు. మొగవాళ్ల బరువు గొంతు చాలా వరకు వినపడుతుంది. ఆడవాళ్ల గొంతు, పిల్లల గొంతు, మాటల్లో స, శ, త లాంటి సన్న అక్షరాలు జారిపోతాయి. మాట్లాడుతున్నట్టు తెలుస్తుంది, ఏం మాట్లాడారో తెలియదు. పోయిన వినికిడి మళ్ళీ రాదు. మిషన్ పెట్టుకుంటే కొంత నయం.

అన్న గొంతు వినపడేది. నా గొంతు వినపడేది కాదు. ఐదేళ్లు నేను అనుకున్నదంతా ఒక్క కాగితం మీద తీరిపోయింది.

వాపస్ వచ్చేటప్పుడు ఆటోలో, లారీల మధ్య, బాపు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "అంటే నువ్వు ఫోన్ల చెప్పినయ్ సగం నాకు వినపడనేలేదన్నట్టు."

"మరి వినపడట్లేదని చెప్పొచ్చు గదా బాపు?" గట్టిగా అడిగాను. ఆటో అతను వెనక్కి తిరిగి చూశాడు.

"ఏం చెప్పాలె? నువ్వు అంత దూరం నుంచి చేస్తవ్. మళ్ళ మళ్ళ చెప్పమంటే మనసు చిన్న చేసుకుంటవని. వీడియోల మొఖం చూస్తే తెలుస్తుండె, నవ్వుతున్నవా, సప్పగున్నవా అని. మొఖం మంచిగుంటే మంచిదనుకుందును."

లాటరీ రాని రోజు ఫోన్ గురించి అప్పుడు చెప్పాను. బాపుకు గుర్తుంది. ఆ రోజు మొఖం కనపడలేదని గుర్తుంది. "వచ్చెయ్యాలె" అన్న ఒక్క మాట అందిందట. "బిడ్డ ఇంటికొస్తనంటున్నది అనుకున్న. మంచిది అన్న" అన్నాడు. తర్వాత కిటికీ వైపు తిరిగి, "ఏడ్చినవా అప్పుడు?" అని అడిగాడు. "ఆఁ" అన్నాను. "గట్టిగ మాట్లాడు బిడ్డా. ఇగ నాతోని గట్టిగనే మాట్లాడు" అన్నాడు.

ఇది జరిగాక అన్నీ చక్కబడ్డాయని రాస్తే అది కథ అవుతుంది. నిజం అట్లా లేదు. మిషన్లు చౌక కాదు. అన్నా నేనూ కలిసి కొన్నాం. బాపు నెల రోజులు పెట్టుకోలేదు. "ఫ్యాన్ చప్పుడు కూడ చెవుల కొడుతున్నది" అన్నాడు. ఇప్పుడు పైన ఉన్నప్పుడు పెట్టుకుంటాడు, కిందికి దిగేముందు తీసి డబ్బాలో పెడతాడు. కింద పెట్టుకుంటే చప్పుడు ఇంకా పెద్దదై ఉన్న వినికిడి కూడా పోతుందని డాక్టర్ చెప్పారు. కింద చెవుల మీద కప్పుకునే కప్పులు పెట్టుకుంటాడు. యజమాని పెట్టుకున్నాక ఇద్దరు కార్మికులు పెట్టుకున్నారు. మిగతావాళ్లు పెట్టుకోలేదు. దారం తెగిన చప్పుడు ఆ కప్పుల్లోంచి కూడా వినపడుతుందని ఆ ఇద్దరే మిగతావాళ్లకు చెబుతున్నారు. నేను చెప్పడం మానేశాను.

సాంచాలు నాలుగు అమ్మేశాం, 2024 మొదట్లో. కిలోల లెక్కన. తాత మిల్లు నుంచి కిలోల లెక్కనే తెచ్చినవి, కిలోల లెక్కనే పోయాయి. టెంపోలోకి ఎక్కిస్తుంటే నాయినమ్మ కిందికి వచ్చి ఒక్కొక్కదానికి పసుపు కుంకుమ పెట్టింది. ఆ సగం జాగా కిరాయికి ఇచ్చాం. అన్న లెక్క అది. మిగతా నాలుగు నడుస్తున్నాయి. వాటిలో రెండింటి మీద మందం బట్ట, చిన్న ఆర్డర్లు. నా లెక్క అది. లాభం ఇంకా చెప్పుకునేంత లేదు. నేను ముంబైలో ఒక ఎగుమతి కంపెనీలో బట్టల నాణ్యత చూసే ఉద్యోగం చేస్తున్నాను. పొద్దున ఠాణే దాకా షేర్ ఆటో, అక్కడి నుంచి లోకల్. ఇంటి అప్పు ఇంకా ఉంది. కొన్ని రాత్రులు రాలీలో చెట్ల కింద నడిచే దారి గుర్తొస్తుంది. అక్కడే ఉండిపోతే అనిపిస్తుంది. ఆ మాట దాచుకోవాలని లేదు. తాతకు కూడా ఊరి చెరువు గట్టు చివరిదాకా గుర్తొచ్చేదట.

అయితే అక్కడే ఉండిపోతే, వారానికోసారి "మంచిది బిడ్డా" విని, కోపంతో ఫోన్ పెట్టేస్తూ ఉండేదాన్ని. ఎన్నేళ్లు అట్లా ఉండేదాన్నో తెలియదు.

షోలాపూర్‌లో, సూరత్‌లో, సిరిసిల్లలో, మాలేగావ్‌లో సాంచాల మధ్య నిలబడ్డ పెద్దవాళ్లు మన ఇళ్లల్లో చాలా మంది ఉన్నారు. ఒక చిన్న పని చెయ్యండి. సాంచాలు బంద్ ఉన్న రోజు, వాళ్ల వెనక నిలబడి, మామూలు గొంతుతో పిలవండి. ఆడపిల్లతో పిలిపించండి. తిరగకపోతే అలిగారని అనుకోకండి, పరీక్షకు తీసుకుపోండి. ఇంకా సాంచాల మీద ఉన్న పిల్లలకు ఇప్పుడే చెవి కప్పులు కొనివ్వండి. దూరంలో చదువుకుంటున్న పిల్లలు కూడా ఇంటికి వీడియోలో మాట్లాడండి. ఏడ్చిన ముఖమైనా సరే, చూపించండి.

ఇప్పుడు నాకు రెండు గొంతులున్నాయి. ఆఫీసు మీటింగుల్లో రాలీ గొంతు. ఇంటి మెట్లు ఎక్కుతుంటే పద్మనగర్ గొంతు దానంతట అదే వచ్చేస్తుంది. పోయిన శుక్రవారం సాంచాలు బంద్. బాపు డాబా మీద కూర్చున్నాడు. నేను వెనక నుంచి వెళ్లి, అలవాటు కొద్దీ, "బాపూ, చాయ్!" అని అరిచాను.

బాపు రెండు చెవులూ మూసుకున్నాడు. చెవుల్లో మిషన్లు ఉన్నాయి.

"అట్ల ఒర్రుతవేంది బిడ్డా? అమెరికాల నేర్చుకున్నదంత మర్చిపోయినవా?" అన్నాడు.